సొరబుర్రలు కట్టిన కుంట

మా ఇంట్లో చేప తినరు. తినకపోవడంతో ఆగినా బాగుండేది, గల్లీలో చేపల గంప పోతుంటే మా అమ్మ లేచి తలుపు వేసేది. అలాంటి ఇంట్లో పుట్టిన నాకు చేపల మీద అంత యావ ఏమిటని చాలామంది అడిగారు. తినేవాళ్లకు చేప అంటే కూర. నాకు కూర లేదు కనుక చేప ఒక్కటే మిగిలింది.

అసలు నాకు చిన్నప్పటి నుంచీ ఒక రోగం ఉంది. మూత ఉన్నది ఏది కనిపించినా తీసి చూడాలి. ఊరగాయ జాడీ కావచ్చు, చుట్టాల ట్రంకు పెట్టె కావచ్చు, పక్షి గూడు కావచ్చు. ఇందుకోసం తన్నులు తిన్నాను, తేళ్లతో కుట్టించుకున్నాను, మారలేదు. పెద్దయ్యాక బడిలో ప్రకృతి పాఠం చెప్పే ఉద్యోగం దొరికింది. రోగానికి జీతం కూడా ఇస్తున్నారని మా నాన్న నవ్వేవాడు.

పోలీసు యాక్షన్ జరిగిన ఏడాది నాకు ఇరవై ఆరేళ్లు. అంతకు ముందు చలికాలంలోనే నాన్న పోయాడు. అమ్మా నేనూ మల్కాజ్‌గిరిలో ఒక గల్లీలో ఉండేవాళ్లం. గోడకు అవతల దూదేకుల చాచా ఇల్లు. ఆయనకు అరవై దాటి ఉంటాయి. పొద్దున్నే దూదేకే విల్లు భుజాన వేసుకుని తిరుమలగిరి బంగళాల దాకా నడిచి వెళ్లి, గడ్డకట్టిన పరుపుల్లో దూది విడదీసి మళ్లీ కుట్టి వచ్చేవాడు. సాయంత్రానికి ఆయన కనుబొమల మీద సన్నటి దూది పేరుకుని ఉండేది. శుక్రవారం పని లేదు. నమాజు కాగానే గాలం తీసుకుని కుంట గట్టు మీదికి పోయేవాడు.

ఆ కుంట రైలు పట్టాలకు అవతల ఉండేది. ఇప్పుడక్కడ మూడంతస్తుల ఇళ్లున్నాయి. వానాకాలం మెట్ల కిందికి నీళ్లు వస్తే, ఈ నీళ్లెక్కడివని ఆ ఇళ్లవాళ్లు మున్సిపాలిటీని తిడతారు. ఆ నీళ్లు వాళ్లకంటే ముందు నుంచీ అక్కడే ఉన్నాయని చెప్పాలనిపిస్తుంది కానీ ముసలివాడి మాట ఎవరికి కావాలి.

మా రోజుల్లోనే ఆ కుంట చెడింది. యుద్ధం నాటి కట్టెల కరువులో గట్టు మీది తుమ్మలన్నీ పొయ్యిల్లోకి పోయాయి. ఇటుకల కోసం మట్టి తవ్వుకుపోయారు. నీళ్లు ఉన్నాయి, నీళ్లలో మాత్రం ఒక కొమ్మ లేదు, ఒక గడ్డిపోచ లేదు. ఒక శుక్రవారం చాచా గాలం చుట్టుకుంటుంటే పక్కన కూర్చున్నాను.

"ఏం చాచా, ఒక్కటి సుత పడలేదా?"

"ఉంటే కదా పడనీకి. చేపకు ఇల్లు లేదు పంతులూ."

నేను నవ్వాను. పాఠం చెప్పేవాణ్ని కదా, చేపకు నీళ్లే ఇల్లని గంభీరంగా చెప్పాను.

"నీళ్లు ఇల్లెట్లయితదయ్యా? నీళ్లంటే బజారు," అన్నాడు. "నిలవడనీకి ఒక మూల గావాలె. గుడ్లు పెట్టనీకి ఒక సందు గావాలె. నీటికాకి మీద పడితే దూరనీకి ఒక బొక్క గావాలె. గివేం లేకుంటే నువ్వుంటవా గీడ?"

వాళ్ల తాతల ఊళ్లో ఎండాకాలం చెరువు తగ్గినప్పుడు తుమ్మకంపలు మోపు కట్టి, రాళ్లు పెట్టి, నీళ్లలో ముంచేవాళ్లట. వానలకు చెరువు నిండాక ఆ కంపల్లో చేపలు చేరేవట. నా రోగం లేచింది. నిజంగా చేరతాయా? ఎన్నాళ్లకు చేరతాయి? ఏ చేప ముందు వస్తుంది? చాచాకు ఇవేవీ తెలియవు. కంప వేస్తే చేప వస్తుంది, అంతే. ఆ 'అంతే' నాకు సరిపోలేదు.

ఆ ఎండాకాలం కంపలు వేశాం. ముళ్లు దిగని వేలు నాకు మిగల్లేదు. అప్పుడు చాచా ఇంకో సంగతి చెప్పాడు. కొర్రమట్టకు కంప చాలు, జెల్లకు మాత్రం చీకటి బొక్క కావాలి, కుండలు ముంచితే ఇంకా మంచిది అని.

కుండలు ఎక్కడివంటే, ఇక్కడ మా ఆచారం చెప్పాలి. ఇంట్లో ఎవరైనా పోతే పదకొండో రోజు శుద్ధి చేసుకుంటాం. ఇత్తడీ రాగీ చింతపండుతో తోమి మళ్లీ లోపల పెట్టుకుంటాం. మట్టి కుండలు మాత్రం, నిన్న కొన్నవైనా సరే, గల్లీ చివర వాగు ఒడ్డున పారేస్తాం. అవి మైల కుండలు. వాటిని మళ్లీ ఎవరూ ముట్టరు. ముట్టుకున్నవాడు ఇంట్లోకి వస్తే ఇల్లంతా మళ్లీ కడగాలి. మా అమ్మ అయితే గోడలు కూడా కడుగుతుంది.

"మంచి మంచి కుండలు పంతులూ. మన్నుకు మైలేంది?" అన్నాడు చాచా. ఆయన అప్పటికే ఒక్కొక్కటే ఏరి తన పెరట్లో బోర్లించి పెట్టాడు.

నేను పాఠాలు చెప్పేవాణ్ని, ఇలాంటివి నమ్మనని అందరి దగ్గరా గొప్పలు పోయేవాణ్ని. మొదటి కుండ ముట్టుకునేటప్పుడు మాత్రం చెయ్యి వెనక్కి వచ్చింది. చాచా చూశాడు. రెండో కుండకు అలవాటైంది. అమ్మకు మాత్రం తెలియకూడదు. అందుకని తెల్లవారుతూనే, చాచా దూది మూటలు మోసే గోనెసంచుల్లో కుండలు పెట్టి, పైన కాస్త దూది కప్పి తీసుకుపోయేవాళ్లం. కుంట గట్టు మీద చేతులు కడుక్కుని, బట్టలతోనే మునిగి, తడిబట్టలతో ఇంటికి వచ్చేవాణ్ని. పొద్దున్నే ఈ స్నానాలేంటని అమ్మ అడిగితే ఆరోగ్యానికి మంచిదని చెప్పాను.

అవి మంచి రోజులు కావు. కర్రలూ కత్తులూ పట్టుకుని కవాతు చేసే వలంటీర్లు గల్లీల్లో తిరిగేవాళ్లు. హిందువుల ఇళ్లు కొన్నింటికి తాళాలు పడ్డాయి, చాలామంది సరిహద్దు దాటి వెళ్లిపోయారు. నేను ఒంటరిగా ఆ పట్టాలు దాటి ఉండేవాణ్ని కాదు. చాచా నాకంటే నాలుగడుగులు ముందు నడిచేవాడు. రెండుసార్లు ఆపారు. సంచిలో ఏముందని అడిగితే "దూది" అన్నాడు. వెనక ఉన్నది ఎవరని అడిగితే "మా పిల్లగాడు" అన్నాడు. రెండో మాట చెప్పేటప్పుడు ఆయన గొంతులో తడబాటు కూడా లేదు.

కుండలు దింపే దగ్గర మాకు పెద్ద తగాదా. మూతి కిందికి ఉండాలని ఆయన, పక్కకు ఉండాలని నేను. చివరికి కొన్ని అలా, కొన్ని ఇలా పెట్టాం. రెండో తగాదా ఇంకా పెద్దది. ప్రతి కుండ మెడకు తాడు కట్టి, తాడు చివర ఎండిన సొరబుర్ర కట్టాలన్నాను. బుర్ర నీళ్ల మీద తేలుతుంది, కావలసినప్పుడు తాడు పట్టి పైకి లాగి లోపల ఏముందో చూడొచ్చు.

"దింపినంక మల్ల తీసుడేంది?" అన్నాడు చాచా. "నీ ఇంటి కప్పు వారానికోసారి ఎవడన్న లేపి చూస్తే ఉంటవా నువ్వు?"

ఆ మాట విని ఉండాల్సింది. వినలేదు. పదకొండు సొరబుర్రలు సంపాదించి కట్టాను. చాచా తల పట్టుకుని, సరే కానీ అన్నాడు.

ఆ తర్వాతి నెలలు నా జీవితంలో చాలా బాగా గడిచాయి. బయట అంత భయం ఉన్నప్పుడు ఇలా అనడం తప్పేమో, కానీ నిజం అదే. మొదట కుండల్లో బురద వచ్చింది. తర్వాత నత్తలు వచ్చాయి. ఒక వారం ఒక ఎండ్రకాయ కూర్చుని నన్నే చూసింది. వానలు పడి కుంట నిండాక ఒక రోజు, చెయ్యి పెడితే లోపల ఏదో కదిలింది, ఆనందం పట్టలేక పిడికిలి బిగించాను. జెల్ల చేప ముల్లు బొటనవేలిలో దిగింది. గట్టు మీద నేను ఎగిరిన ఎగురు చూసి చాచా కూలబడి నవ్వాడు. "తినని వానికి గింత ప్రేమ ఏందయ్యా!" అంటూ తన తువాలు చింపి కట్టు కట్టాడు. మూతి పక్కకు పెట్టిన కుండల్లోనే జెల్లలు ఎక్కువ చేరాయి. ఆ సంగతి ఆయనకు నాలుగుసార్లు చెప్పాను. నాలుగుసార్లూ వినబడనట్టు ఊరుకున్నాడు.

కంపల దగ్గర ఇంకో వింత కనిపించింది. నీళ్ల పైన ఎర్రటి చుక్కలు వందలు, ఒక గుంపుగా కదులుతున్నాయి. కొర్రమట్ట పిల్లలు. వాటి కింద నల్లగా తల్లీ తండ్రీ కాపలా. వేలు పెడితే పెద్దచేప విసురుగా పైకి వచ్చి నీళ్లు చిమ్మింది. బోడి నీళ్లలోకి ఇవన్నీ ఎక్కడి నుంచి వచ్చాయి? వాగులోంచా? కొంగ కాళ్లకు అంటుకుని గుడ్లు వచ్చాయా? నాకు నిద్ర పట్టేది కాదు.

సెప్టెంబరు వచ్చింది. కొన్ని రోజులు ఎవరూ గడప దాటలేదు. ఆకాశంలో విమానాలు, రేడియోలో ప్రకటనలు. అవి అయిపోయాక తిరుమలగిరి అంతా మిలిటరీ లారీలతో నిండింది. మా ఇళ్లలో ఊపిరి వచ్చింది. చాచా ఇంట్లో అదే ఊపిరి ఆగింది. ఎవరి దగ్గర ఏ ఆయుధం ఉన్నా తెచ్చి అప్పగించాలని చాటింపు వేశారు. అప్పగించడానికి భయపడి రాత్రికి రాత్రే బావుల్లో కత్తులు పారేసినవాళ్లున్నారని జనం చెప్పుకున్నారు.

అప్పుడు ఎవరికో కుంటలో సొరబుర్రలు గుర్తొచ్చాయి. దూదేకులాయన సంచి దూది సంచిలా లేదని, అంత వంగి మోసేవాడని, నడుస్తుంటే చప్పుడయ్యేదని ఇంకెవరో అన్నారు. కుంటలో ఆయుధాలు దాచి, గుర్తుగా బుర్రలు కట్టాడన్నారు. ఒక పొద్దున జవాన్లు వచ్చి చాచాను తీసుకుపోయారు. చెప్పులు తొడుక్కోవడానికి కూడా ఆగలేదు.

మధ్యాహ్నం చాచీ మా గడప దగ్గరికి వచ్చింది. నలభై ఏళ్లు గోడకు అవతల ఉండి, పండగలకు తప్ప మా వాకిట్లోకి రాని మనిషి. అమ్మ పెరట్లో ఉంది.

"రేపు పొద్దుగాల మీ చాచాను కుంట కాడికి తెచ్చి అన్నీ తీపిస్తరట బిడ్డా," అంది. "ఇంకెవరున్నరని అడిగిన్రట. ఒక్కన్నే చేసిన అన్నడట. నువ్వు జెర తిరుమలగిరి పోయి చెప్పు. నీ మాట వింటరు."

వెళ్తానన్నాను. వెళ్లలేదు.

ఎందుకు వెళ్లలేదో ఇన్నేళ్లలో చాలామందికి చాలా రకాలుగా చెప్పాను. మిలిటరీ వాళ్లంటే భయం అన్నాను. నన్ను కూడా పట్టుకుంటారనుకున్నానన్నాను. ఆ తాళ్లలో దేనికైనా ఎవడైనా నిజంగానే కత్తి కట్టి ఉంటే ఎలా అన్నాను. అవన్నీ కొంత నిజమే. కానీ అసలు నిజం ఇంకా చిన్నది, ఇంకా సిగ్గుచేటు. చాచా తరఫున మాట్లాడాలంటే మైల కుండలు మోశానని చెప్పాలి. చెబితే గల్లీకి తెలుస్తుంది, అమ్మకు తెలుస్తుంది. ఒక ముసలివాడు తిండి లేకుండా ఎక్కడో కూర్చుని ఉంటే, నేను మా అమ్మ గోడలు కడుగుతుందని భయపడ్డాను. ఆ సాయంత్రం బడి పిల్లల పలకలు దిద్దుతూ కూర్చున్నాను.

తెల్లవారింది. ఇంక ఆగలేక అమ్మకు మొత్తం చెప్పేశాను. కుండలు, సంచులు, తడిబట్టలు, నిన్న చాచీ వచ్చి అడగడం, అన్నీ. ఆమె మడిబట్ట ఆరేస్తూ వింది. కోపం వస్తుందనుకున్నాను. ఆమె ఒక్కటే అడిగింది.

"ఆమె నిన్న పగటీలి వస్తే, ఇయ్యాల చెప్తున్నవా?"

తలుపు కూడా దగ్గరికి వేయకుండా కుంట వైపు నడిచింది. నేను వెనక పరుగెత్తాను.

గట్టు మీద జనం. సుబేదారు ఒకాయన, నలుగురు జవాన్లు. చాచా ఉత్త కాళ్లతో, రెండు చేతులూ ముందు కట్టుకుని నిలబడి ఉన్నాడు. కనుబొమల మీద దూది లేదు. నన్ను చూసి, వెళ్లిపో అన్నట్టు తల అడ్డంగా ఊపాడు. అది చూశాక ఒళ్లు మండింది, నా మీద నాకే. సుబేదారు దగ్గరికి పోయి ఉర్దూలో చెప్పాను. ఆయుధాలు కాదు, చేపల కోసం ముంచిన కుండలు, బుర్రలు కట్టింది నేను, ఆయన వద్దన్నా కట్టాను అని.

సుబేదారు నన్ను కింద నుంచి పైదాకా చూశాడు. ఈ ముసలాయన ఒక్కణ్నే అంటున్నాడే అన్నాడు. లాగండి అన్నాడు జవాన్లతో.

మొదటి తాడు లాగారు. కుండలో బురద, నత్తలు. రెండోదానిలో జెల్ల. ఒక జవాను చెయ్యి పెట్టబోతే చాచా, నేను, ఒకేసారి వద్దని అరిచాం. గట్టు మీద ఎవరో నవ్వారు. మూడు, నాలుగు, అయిదు. అన్నింట్లోనూ నీళ్లు, చేపలు, బురద. సుబేదారు మాత్రం కరగలేదు. ఆయన అనుమానం ఇప్పుడు కుండల మీదికి మళ్లింది. పగుళ్లు లేవు, చిల్లులు లేవు, ఇంత మంచి కుండలు నీళ్లలో ఎవడు పారేస్తాడు? ఇందులో ఏమో దాచారు, ముందే తీసేశారు అన్నాడు.

అప్పుడు తొమ్మిదో కుండ గట్టు మీద పెట్టారు. నీళ్లకుండ. పొట్ట దగ్గర పగులు మీద అరచేతి వెడల్పున సున్నం, బెల్లం కలిపి పూసిన మాతు. అమ్మ జనాన్ని తోసుకుని ముందుకు వచ్చింది. వంగి, ఆ మాతు మీద తన మూడు వేళ్లు పెట్టింది. మాతు పచ్చిగా ఉన్నప్పుడు పడిన వేలిముద్రల్లో ఆమె వేళ్లు సరిగ్గా కూర్చున్నాయి.

"ఇది నా కుండ," అంది.

నాన్న మంచం పక్కన ఉన్న కుండ అది. ఆఖరి నెలలో పగులు వచ్చింది. కుమ్మరి ఇంటి దాకా వెళ్లాలంటే నాన్నను వదలాలి, అందుకని అమ్మే అలా పూసి పెట్టింది. నాన్న ఆఖరున గుటక వేసిన నీళ్లు అందులోవే. పదకొండో రోజు ఆమె చేత్తోనే వాగు ఒడ్డున పెట్టి వచ్చింది. నేను దాన్ని ఎన్నోసార్లు పైకి లాగి, లోపలికి తొంగి చూశాను. బయట ఏముందో ఒక్కసారి కూడా చూడలేదు.

ఆమె మాటలు నేను సుబేదారుకు ఉర్దూలో చెప్పాను. ఇవన్నీ చావు ఇళ్ల కుండలు సాబ్, శుద్ధి రోజు పారేసినవి, మా వాళ్లెవరూ మళ్లీ ముట్టరు. ఆయన ఒక కుండ అంచు మీద చెయ్యి వేసి ఉన్నాడు. చటుక్కున తీసి ప్యాంటుకు తుడుచుకున్నాడు. వాళ్ల ఊళ్లోనూ ఇదే పద్ధతట. మైల కుండను నాదని పదిమందిలో ముట్టుకున్న ఆడమనిషి అబద్ధం ఆడదని ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. మిగతా రెండు తాళ్లు లాగకుండానే జవాన్లను లారీ ఎక్కించాడు. పోతూ పోతూ చాచాతో, ఇంటికి పో బాబా అన్నాడు.

జనం చెదిరారు. అమ్మ ఇంకా కుండ పట్టుకునే కూర్చుంది. లోపల వేలెడంత జెల్లలు రెండు ఉన్నాయి. మాతు అంచు నుంచి నీళ్లు కారుతున్నాయి.

"సాయిబూ, నాదని తెలిసే తీసుకపోయినవా?"

"తెలుసు చెల్లె," అన్నాడు చాచా తల దించుకుని. "అన్న నీళ్లు తాగిన కుండ. వాగుల పడి పలుగుతదని పానం ఒప్పలే. తప్పయితే మాఫ్ చెయ్యి."

అమ్మ ఏడ్చింది. నాన్న పోయినప్పుడు కూడా అందరి ముందు అంతలా ఏడవలేదు. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని, కుండ మెడకు ఉన్న ముడి తనే విప్పి, సొరబుర్రనూ తాడునూ నా ఒళ్లో పడేసింది.

"జెల్ది దింపురి, నీళ్లు పోతున్నయి," అంది. నా వైపు తిరిగి, "ఇంక దీన్ని తీసి చూడకు."

చాచా నడుం లోతు నీళ్లలోకి దిగాడు. నేనూ దిగాను. కుండ మూతి పక్కకు పెట్టాడు, నేను చెప్పినట్టే. అమ్మ గట్టు మీదే తల మీద నీళ్లు పోసుకుంది, ఇంటికి వచ్చి ఏ గోడా కడగలేదు.

ఆ కుండలో తర్వాత ఏ చేపలు చేరాయో నాకు తెలియదు. ఆ ఒక్క రోజు ఆలస్యం ఎందుకు చేశానని చాచా నన్ను ఎప్పుడూ అడగలేదు. ఆయన పోయేదాకా, ఇంకో పద్నాలుగేళ్లు, ప్రతి శుక్రవారం ఆయన పక్కన కూర్చుని, ఇవాళ అడుగుతాడేమో అనుకునేవాణ్ని. కనిపించిన ప్రతి మూతా తీసి చూసిన నేను, ఆ మాట మాత్రం నా అంతట నేను ఎత్తలేకపోయాను.